గట్టి చెక్కకు ఎన్ని పళ్ళ రంపం?

మీ ఇంట్లో తాతల నాటి పట్టెమంచం ఒకటి వుండేదనుకోండి. అది ఎప్పుడో విరిగింది. పట్టెలు పోయాయి. నాలుగు కోళ్ళలో మూడింటిని ఎవరెవరో అడిగి పట్టుకుపోయారు. అటక మీద ఒకే ఒక్క కోడు మిగిలింది. దాన్ని దించి, ఒక పక్క చిత్రిక పట్టి చూస్తే ఊదారంగు చెక్క మీద నల్లని చారలు మెరిశాయి. అది ఇరుగుడు చేవ! కొన్ని ప్రాంతాల్లో దీన్నే జిట్టేగి అంటారు. రోజ్‌వుడ్ అని ఇంగ్లీషులో పిలిచేదీ ఇదే.

మీది గాజువాక. సముద్రం దగ్గరి పిల్లలు కదా, బడిలో జరిగే ప్రదర్శనకు ఆ చెక్కతో ఒక చేపను చెయ్యాలని మీకు బుద్ధి పుట్టింది. బల్ల మీద తనంత తాను నిలబడే చేప! కోడును మిల్లులో కోయిస్తే 40 మిల్లీమీటర్ల మందాన ఒక చెక్క వచ్చింది. అలాంటి చెక్క మీ దగ్గర ఇంకొకటి లేదు. దాని మీద చేప బొమ్మ గీశారు. తెలిసిన వడ్రంగి మేస్త్రిగారి దగ్గర స్క్రోల్ సా అనే యంత్రం వుంది. కుట్టుమిషను సూది ఎలా పైకీ కిందికీ ఆడుతుందో, ఈ యంత్రంలో దారం లాంటి సన్నని రంపపు బ్లేడు అలా ఆడుతుంది. చెక్కను చేత్తో తిప్పుతూ ఎలా కావాలంటే అలా వంపులు కోసుకోవచ్చు.

మేస్త్రిగారి పెట్టెలో రకరకాల బ్లేడులు వున్నాయి. మీరేం ఆలోచిస్తారు? “చెక్క చాలా గట్టిది. కాబట్టి సన్నని పళ్ళు దగ్గర దగ్గరగా వున్న బ్లేడు తీసుకుంటాను. ఆలస్యమైనా నున్నగా కోస్తుంది” అనుకుంటారు. చాలామంది మొదటిసారి ఇలాగే అనుకుంటారు. తరువాత ఏమవుతుందో చూడండి.

మొదటి రెండు మూడు సెంటీమీటర్లు బాగానే సాగుతుంది. తరువాత బ్లేడు కదలదు. మీరు చెక్కను గట్టిగా నెడతారు. సన్నగా పొగ వస్తుంది. కోసిన గోడలు నల్లగా మాడతాయి. ‘టప్’మని బ్లేడు తెగుతుంది. మరో బ్లేడు వేస్తారు, అదీ తెగుతుంది. ఎలాగో పూర్తి చేసి చెక్కను తిరగేస్తే పైన గీసిన చేప వేరు, కింద తేలిన చేప వేరు! మధ్యలో కోత వంకరపోవడంతో ముక్క ఊడి కూడా రాదు. తాతగారి మంచం కోడు పాడైపోయింది.

మీ చేతిలో నేర్పు లేక ఇలా జరగలేదు. ఎన్ని పళ్ళ బ్లేడు కావాలో ముందుగా లెక్క వేసుకోలేదు, అంతే. ఆ లెక్క ఏమిటో ఇప్పుడు చూద్దాం.

ముందు చెక్కను తూచండి

చెక్క ఎంత గట్టిదో గోటితో గిచ్చి చెప్పడం కష్టం. తూచి చెప్పడం తేలిక. చెక్కలో నిండుగా పదార్థం వున్న కొద్దీ దాని సాంద్రత ఎక్కువ. సాంద్రత పెరిగే కొద్దీ సాధారణంగా రంపానికి పని పెరుగుతుంది.

10 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం వున్న ముక్కను తీసుకోండి. దాని ఘనపరిమాణం 10 × 4 × 4 = 160 ఘన సెంటీమీటర్లు. కిరాణా కొట్టు కాటాలో అది 136 గ్రాములు తూగిందనుకోండి. 136ను 160తో భాగిస్తే 0.85. అంటే అది అంతే పరిమాణం గల నీటి బరువులో నూటికి 85 వంతులు వుందన్నమాట. ఇరుగుడు చెక్క సుమారుగా ఇలాగే వుంటుంది. టేకు సుమారు 0.65. మన కోస్తాలో ఇసుక నేలల్లో పెంచే సరుగుడు ఇరుగుడు కంటే కూడా బరువైనది. కడప, చిత్తూరు ప్రాంతాల ఎర్రచందనం చేవ అయితే నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. దాని సాంద్రత 1 కంటే ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కు వుంది. వృక్షశాస్త్రంలో ‘హార్డ్‌వుడ్’ అనే మాటకు గట్టి చెక్క అని అర్థం కాదు. వెడల్పాటి ఆకులు, పూలు, కాయలు వుండే చెట్ల కలపనంతా హార్డ్‌వుడ్ అనే అంటారు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కూడా ఆ లెక్కన హార్డ్‌వుడ్డే. కాని అది ఎంత తేలికో, ఎంత మెత్తనో ఆ బొమ్మను చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. విమానాల నమూనాలు చేసే బాల్సా చెక్కా హార్డ్‌వుడ్డే! అందుచేత పేరును నమ్మకండి, కాటాను నమ్మండి.

ఒక్కొక్క పంటికి ఎంత బలం?

రంపం కోయడమంటే ఏమిటి? ప్రతి పన్నూ ఒక బుల్లి ఉలి. అది చెక్కలోకి కొంచెం దిగి, ఒక చిన్న పెచ్చును లేపి, ముందుకు తోస్తుంది. ఉలి చెక్కలోకి దిగాలంటే దాని మీద తగినంత ఒత్తిడి వుండాలి.

లెక్క సులువు కావడానికి రెండు బ్లేడులు తీసుకుందాం. ఒకదానికి అంగుళానికి 20 పళ్ళు, రెండోదానికి అంగుళానికి 10 పళ్ళు. రంపపు పళ్ళను ఇప్పటికీ అంగుళాల్లోనే లెక్కిస్తారు. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. మన చెక్క మందం 40 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర అంగుళానికి కాస్త పైన. మొదటి బ్లేడువి ఒకేసారి 31 పళ్ళు చెక్కలో వుంటాయి. రెండోదానివి 16 పళ్ళే వుంటాయి.

మీరు ఒక కిలో బరువుకు సమానమైన బలంతో చెక్కను బ్లేడు మీదికి నెడుతున్నారనుకోండి. ఆ బలాన్ని పళ్ళన్నీ పంచుకోవాలి. మొదటి బ్లేడులో ఒక్కొక్క పంటి వాటా సుమారు 32 గ్రాముల బరువు. రెండోదానిలో సుమారు 63 గ్రాములు. మెత్తని పొణికికి 32 గ్రాములు చాలవచ్చు. చేవదేలిన ఇరుగుడుకు చాలవు. అప్పుడు పన్ను చెక్కలోకి దిగదు, పైపైన రాసుకుంటూ పోతుంది. రాపిడి వల్ల పుట్టేది కోత కాదు, వేడి!

అయితే పళ్ళు ఎంత తక్కువైతే అంత మంచిదా? అదీ కాదు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను పది పళ్ళ బ్లేడుతో కోస్తే చెక్కలో ఒకసారి ఒక్క పన్నే వుంటుంది. మొత్తం బలమంతా దాని మీదే పడి, అది చెక్కలో ఇరుక్కుని, పేళ్ళు లేపేస్తుంది. కనీసం రెండు మూడు పళ్ళు ఎప్పుడూ చెక్కలో వుండాలి. అందుకే పలుచని రేకు చెక్కకు ఎక్కువ పళ్ళు, మందపు చెక్కకు తక్కువ పళ్ళు.

పొట్టు ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అరచిప్ప కొబ్బరి తురిమితే గిన్నె నిండిపోతుంది కదూ! చిప్పలో వున్నప్పుడు పట్టిన చోటు వేరు, తురుముగా మారాక పట్టే చోటు వేరు. తురుము మధ్యలో గాలి చేరుతుంది. చెక్క పొట్టు అయినా అంతే. కోసిన చెక్క కంటే దాని పొట్టుకు ఎక్కువ చోటు కావాలి.

ఆ చోటు ఎక్కడుంది? పంటికీ పంటికీ మధ్య వున్న సందులో. కోసిన పొట్టు ఆ సందులో కూర్చుని, పన్ను చెక్క అడుగు నుంచి బయటికి వచ్చినప్పుడు రాలిపోవాలి. సందు ముందే నిండిపోతే పంటికి కొత్త పెచ్చును లేపే చోటు వుండదు. నిండిన బుట్టతో మట్టి ఎత్తబోయినట్టు వుంటుంది దాని పని.

మన రెండు బ్లేడుల సందులను పోల్చి చూడండి. పది పళ్ళ బ్లేడులో పళ్ళ మధ్య దూరం రెండింతలు. పంటి ఆకారం అదే అయితే సందు లోతు కూడా రెండింతలు. కాబట్టి ఒక్కొక్క సందు వైశాల్యం నాలుగింతలు. సందుల సంఖ్య సగానికి తగ్గినా మొత్తం చోటు రెండింతలు అవుతుంది. పళ్ళు తగ్గిస్తే పొట్టుకు చోటు పెరిగిందన్నమాట!

దీనికి తోడు యంత్రంలో ఒక తమాషా వుంది. మామూలు స్క్రోల్ సాలో బ్లేడు ఒక ఊపుకు సుమారు 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పాతిక అంగుళం మాత్రమే పైకీ కిందికీ కదులుతుంది. మన చెక్క మందమేమో 40 మిల్లీమీటర్లు. ఒక కాగితం మీద గీసి చూడండి. చెక్క అడుగుకు దగ్గరగా వున్న పళ్ళు ఊపు చివర బయటికి వచ్చి పొట్టును వదులుతాయి. చెక్క మధ్యలో ఆడే పళ్ళు మాత్రం ఎంతసేపు ఆడినా బయటి గాలి చూడవు! అవి తమ పొట్టును కింది పళ్ళకు అందించాలి. ఇల్లు కాలుతుంటే మనుషులు వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు, పొట్టు మెట్టు మెట్టుగా దిగాలి. సందులు ఇరుకైతే ఈ వరుస ఆగిపోతుంది. పొట్టు గట్టిగా దట్టించుకుని బ్లేడును నొక్కేస్తుంది. మొదట్లో బాగా కోసిన బ్లేడు కాసేపటికి ఆగిపోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడుగా కొన్ని బ్లేడులను ఒక పన్ను వుంచి ఒక పన్ను తీసేసినట్టు తయారుచేస్తారు. వీటిని స్కిప్ టూత్ బ్లేడులంటారు. మరికొన్నింటిలో రెండు పళ్ళు, ఒక ఖాళీ, మళ్ళీ రెండు పళ్ళు వుంటాయి. మందపు చెక్కకు ఈ రెండు రకాలూ పనికివస్తాయి. ఇంకొన్ని బ్లేడులకు అడుగున కొన్ని పళ్ళు తలకిందులుగా, పైకి చూస్తూ వుంటాయి. చెక్క కింది వైపు పేళ్ళు లేవకుండా వుండడానికి ఆ ఏర్పాటు. కాని అవి పైకి వెళ్ళేటప్పుడు పొట్టును మళ్ళీ కోతలోకే ఎక్కిస్తాయి. పలుచని చెక్కకు అవి మేలు, మన మంచం కోడుకు వద్దు.

ఎంత లావు బ్లేడు?

బ్లేడులకు నంబర్లుంటాయి. నంబరు పెరిగిన కొద్దీ బ్లేడు వెడల్పు, మందం పెరుగుతాయి, పళ్ళు తగ్గుతాయి. కొలతలు తయారుచేసే కంపెనీని బట్టి కొంచెం మారినా, సుమారుగా ఇలా వుంటాయి:

2వ నంబరు: వెడల్పు 0.74, మందం 0.3 మిల్లీమీటర్లు. అంగుళానికి సుమారు 20 పళ్ళు.
5వ నంబరు: వెడల్పు 1, మందం 0.4 మిల్లీమీటర్లు. సుమారు 12 పళ్ళు.
9వ నంబరు: వెడల్పు 1.35, మందం 0.46 మిల్లీమీటర్లు. సుమారు 11 పళ్ళు.
12వ నంబరు: వెడల్పు 1.6, మందం 0.6 మిల్లీమీటర్లు. 9 లేక 10 పళ్ళు.

ఇప్పుడు బట్టలు ఆరేసే తాడును తలచుకోండి. వదులుగా కట్టిన తాడు ఒక్క తడి చీరకే వంగిపోతుంది. బిగించి కట్టినది తక్కువ వంగుతుంది. స్క్రోల్ సా బ్లేడు కూడా రెండు కొసల మధ్య బిగించిన తాడే. చెక్కను దాని మీదికి నెడితే అది వెనక్కి, పక్కకి వంగుతుంది. అలా వంగడం వల్లనే పైన ఒక చేప, కింద ఒక చేప తయారయింది! వంగకుండా వుండాలంటే బాగా బిగించాలి. కాని సన్న తాడును ఎక్కువ బిగిస్తే తెగుతుంది.

2వ నంబరు బ్లేడు అడ్డుకోత వైశాల్యం 0.74 × 0.3, అంటే సుమారు 0.22 చదరపు మిల్లీమీటర్లు. 9వ నంబరుది 1.35 × 0.46, అంటే సుమారు 0.62. రెండూ ఒకే రకం ఉక్కు అయితే రెండోది దాదాపు మూడింతల బిగింపును తట్టుకుంటుంది. అదే బలంతో నెట్టినా దాదాపు మూడోవంతే వంగుతుంది. గట్టి, మందపు చెక్కకు లావు బ్లేడు ఎందుకో తెలిసింది కదా!

బిగింపు సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? యంత్రం ఆపి, ప్లగ్గు తీసి, బ్లేడును వేలితో మీటండి. బొబ్బిలి వీణ తంతిని మీటినట్టు ‘టింగ్’మని స్పష్టంగా పలకాలి. ‘డబ్’మని మొద్దుగా పలికితే ఇంకా బిగించాలి. బిగింపు పెరిగిన కొద్దీ స్వరం పెరుగుతుందన్న సూత్రాన్ని మీరు ధ్వని పాఠంలో చదువుకునే వుంటారు.

మరి వంపుల మాటేమిటి?

లావు బ్లేడే మంచిదైతే సన్న బ్లేడులు ఎందుకు అమ్ముతారు? వంపుల కోసం. వెడల్పాటి బ్లేడు ఇరుకు మలుపు తిరగలేదు. సందులో సైకిలు తిరిగినట్టు లారీ తిరగదు కదా! కాబట్టి బ్లేడు ఎంచుకునే ముందు మీ బొమ్మలో అన్నిటికంటే ఇరుకైన మలుపు ఎక్కడుందో చూసుకోవాలి. చేపకైతే తోక చీలిన చోటు.

మందపు చెక్కలో బ్లేడును బట్టి బొమ్మను సర్దుకోవడమే తెలివి. తోక మధ్య సూదిగా గీసిన మూలను కొంచెం గుండ్రంగా మార్చండి. లేదా ముందుగానే ఆ మూలలో బరమాతో 4 మిల్లీమీటర్ల బెజ్జం వెయ్యండి. బ్లేడు ఆ బెజ్జంలోకి వచ్చాక చెక్కను సులువుగా తిప్పుకోవచ్చు. పొలుసులూ, రెక్కల గీతలూ తరువాత ఉలితో చెక్కుకోవచ్చు.

మన 40 మిల్లీమీటర్ల ఇరుగుడు చేపకు 9వ నంబరు స్కిప్ టూత్ బ్లేడు తగినది. పెద్ద పెద్ద వంపులే అయితే 12వ నంబరు. చెక్క 20 లేక 25 మిల్లీమీటర్ల మందమైతే 7 నుంచి 9 దాకా, అదే మందం టేకు అయితే 5 లేక 7 సరిపోతుంది.

వేడి చేసే అపకారం

ఉక్కు గురించి గాజువాక పిల్లలకు వేరే చెప్పాలా? మీ పక్కనే వున్న విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమయింది. ఇళ్ళ శ్లాబుల్లో వేసే కమ్మీల ఉక్కులో కార్బన్ నూటికి పావు వంతు కూడా మించదు. అందుకే కమ్మీని వంచితే వంగుతుంది. రంపపు బ్లేడుకు ఇంకా గట్టి ఉక్కు కావాలి. అందులో కార్బన్ నూటికి ముప్పాతిక నుంచి ఒక వంతు దాకా వుంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే చాలా గట్టిపడుతుంది, కాని గాజులా పెళుసవుతుంది. మళ్ళీ కొంచెం వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. దీన్నే పదును పెట్టడమంటారు.

ఇలా పెట్టిన పదును మరీ వేడెక్కితే దిగిపోతుంది. మెరిసే ఉక్కు సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నీలిరంగు తిరుగుతుంది. బ్లేడు మీద ఆ రంగు కనిపిస్తే దాని పళ్ళు మెత్తబడ్డాయని గుర్తు. చెక్కకేమో వేడిని తీసుకుపోయే గుణం బహు తక్కువ. ఉక్కుతో పోలిస్తే రెండు వందల వంతు కూడా వుండదు. అందుకే రాపిడిలో పుట్టిన వేడి చెక్కలోకి పారిపోలేదు. బ్లేడులోనూ, కోత గోడల మీదనూ నిలిచిపోతుంది. బ్లేడు మొద్దుబారుతుంది, గోడలు మాడతాయి. మొద్దు బ్లేడు ఇంకా ఎక్కువ రాసుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. ఒకసారి మొదలైతే ఈ గొలుసు ఆగదు.

దీన్ని మొదట్లోనే తెంచాలి. యంత్రానికి వేగం మార్చే మర వుంటే తగ్గించండి. నిమిషానికి 1600 ఊపులైతే ఒక్కొక్క పన్ను కిందికి దిగేటప్పుడు మొత్తం 30 మీటర్ల దూరం చెక్కను రాసుకుంటుంది. 600 ఊపులైతే 11 మీటర్లే. బ్లేడు వెనుక వైపున కొవ్వొత్తి మైనం రుద్దండి. పార్సిళ్ళకు అంటించే వెడల్పాటి పారదర్శక టేపును గీత మీదుగా అంటించి, దానితో సహా కోసే అలవాటు కూడా చాలామంది పనివారికి వుంది. టేపు మీది నున్నని పూత బ్లేడు రాపిడిని తగ్గిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మొద్దు బ్లేడును పట్టుకు వేలాడకండి. బ్లేడు మళ్ళీ కొనుక్కోవచ్చు. మంచం కోడు కొనలేరు.

యంత్రం లేకపోతే?

యంత్రం లేదని బెంగ పడకండి. U ఆకారపు చట్రంలో ఇవే బ్లేడులను బిగించి చేత్తో కోసే ఫ్రెట్ సా వుంది. మందపు చెక్కకు దానిలో ఒక సౌకర్యం కూడా వుంది. బ్లేడు పొడవు 130 మిల్లీమీటర్లు. రెండు కొసలా బిగింపుకు పోను సుమారు 100 మిల్లీమీటర్లు మిగులుతుంది. చెక్క 40 మిల్లీమీటర్లు పోగా 60 మిల్లీమీటర్ల ఊపు ఇవ్వవచ్చు. 60 అనేది 40 కంటే ఎక్కువ కదా! చెక్కలో వున్న ప్రతి పన్నూ ప్రతి ఊపుకూ బయటికి వచ్చి పొట్టును రాల్చుకుంటుంది. యంత్రంలోని 19 మిల్లీమీటర్ల ఊపుకు ఇది సాధ్యం కాదు. అందుకని చేతి రంపం నిదానంగా కోసినా ఉక్కిరిబిక్కిరి కాదు.

విశాఖపట్నానికి సన్నని రంపం పని కొత్తది కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివారు ఇరుగుడు, టేకు వంటి చెక్కలతో కుర్చీలు, పెట్టెలు, బీరువాలు చేసి వాటిలో దంతపు లతలు పొదిగేవారు. 19వ శతాబ్దంలో చందనపు పెట్టెల మీద జాలీలా కోసిన పలుచని దంతపు రేకులు అతికేవారు. ఆ పెట్టెలను దూరదేశాల వారు కొనుక్కుపోయారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ సామాను ఈనాటికీ వుంది. ఏనుగు దంతం వ్యాపారం ఇప్పుడు చట్టవిరుద్ధం. అది మంచిదే. కాని పలుచని రేకుకు ఒక రంపం, దాని కింది మందపు చెక్కకు మరో రంపం కావాలన్న సూత్రం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

చేపను కోద్దాం

ఇక పని మొదలుపెట్టండి. మేస్త్రిగారో, క్రాఫ్టు మాష్టారో పక్కన వుండగానే యంత్రం ముట్టుకోవాలి. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఇరుగుడు పొట్టు కొందరికి దురద, తుమ్ములు తెప్పిస్తుంది. చెక్కపొడిని ఏళ్ళ తరబడి పీల్చడం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది.

మొదట బ్లేడు నిటారుగా వుందో లేదో మూలమట్టంతో చూడండి. తరువాత ఒక పనికిరాని మందపు దిమ్మెకు ముందు వైపు చిన్న గాటు పెట్టండి. యంత్రం ఆపి, ఆ దిమ్మెను బ్లేడు వెనక్కి తిప్పి పెట్టండి. గాటులోకి బ్లేడు పై నుంచి కింది దాకా సరిగా కూర్చుంటే బల్ల, బ్లేడు లంబంగా వున్నట్టే.

గీత మీద సూటిగా నెట్టినా కోత ఒక పక్కకు లాగుతుందా? కంగారుపడకండి. పళ్ళను కోసి తయారుచేసేటప్పుడు చాలా బ్లేడులకు ఒక పక్క సన్నని గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది. చెక్కను కొంచెం ఏటవాలుగా నెడితే సరిపోతుంది. ఎంత ఏటవాలు అన్నది పనికిరాని ముక్క మీదే నేర్చుకోండి.

చెక్కను తొయ్యకండి, బ్లేడుకు అందించండి. రెండు సెంటీమీటర్లు కోశాక చెక్కను వెంట్రుకవాసి వెనక్కి తీసి, నాలుగు ఊపులు ఊరికే ఆడనివ్వండి. దట్టించుకున్న పొట్టు దిగిపోతుంది. వాసన మారితే ఆగండి. మన ముక్కు మంచి థర్మామీటరు!

మీకో పని

పలుచని వస్తువుకు దగ్గర పళ్ళు, మందపు వస్తువుకు దూరం పళ్ళు అన్న సూత్రం చెక్కకే కాదు. ఈసారి ఆటోనగర్ వైపు వెళ్ళినప్పుడు ఇనుము కోసే హాక్సా బ్లేడులను అడిగి చూడండి. పలుచని గొట్టానికి అంగుళానికి 32 పళ్ళది, లావు కమ్మీకి 18 పళ్ళది వాడతారు. అలాగే కలప మిల్లుకు వెళ్ళి, దుంగలు కోసే పెద్ద పట్టీ రంపం ఆగి వున్నప్పుడు దూరం నుంచి చూడండి. దాని పళ్ళు అంగుళానికి ఎన్ని వున్నాయో, ఒక్కొక్క సందు ఎంత లోతో మీ నోటుపుస్తకంలో గీసుకోండి. అంత పెద్ద సందులు ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక చేప సంగతి. చివరి మలుపు కోసి యంత్రం ఆపాక, చెక్కను రెండు చేతులా పట్టుకుని మెల్లగా పైకెత్తండి. కోత నిటారుగా వుంటే చేప ఎవరూ నెట్టకుండానే జారి బల్ల మీద పడుతుంది. తిరగేసి చూడండి. పైనా కిందా ఒకే చేప వుంటే మీ లెక్క సరిపోయినట్టే!